వేళ్లు కొంకర్లు పోనివ్వని కుట్టు

డిసెంబరులో తెల్లవారుజామున అయిదింటికి చిలకలగూడ చౌరస్తాలో నిలబడితే, చలి నుంచి చేతుల్ని కాపాడుకోవడానికి సికింద్రాబాద్ మనిషి ఎన్ని ఉపాయాలు పన్నాడో వరుసగా కనిపిస్తాయి. పేపర్ కుర్రాడు ఎడమ చెయ్యి జేబులో దోపుకుని, కుడిచేత్తో యాక్సిలరేటర్ తిప్పుకుంటూ పోతాడు. మోపెడ్ మీద పాల ట్రేలు కట్టుకున్నాయన ఉన్ని గ్లౌజుల మీద పాలిథిన్ కవర్లు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంటాడు. రైల్వే క్వార్టర్స్ నుంచి డ్యూటీకి బయల్దేరినవాళ్లలో కొందరు స్వెటర్ చేతుల్నే కిందికి లాగి పిడికిట్లో బిగించి హ్యాండిల్ పట్టుకుంటారు. ఇందులో ఏ ఉపాయాన్నీ తీసిపారేయడానికి లేదు. పాలాయన పాలిథిన్ కవరులో అయితే బోలెడంత విజ్ఞానం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. వీళ్ల మధ్య ఎప్పుడైనా ఒక మంచి తోలు గ్లౌజుల జత కూడా కనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించి. ఒంటి మీద వేసుకునే వాటన్నిటిలోకీ కుట్టడానికి కష్టమైనది గ్లౌజే అని నా నమ్మకం. చొక్కా కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది, గ్లౌజు సర్దుకోదు.

హైదరాబాద్ చలి కూడా ఒక చలేనా అని ఢిల్లీ నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. నవ్వనివ్వండి. జనవరిలో మామూలుగా ఇక్కడ తెల్లవారుజాము ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఉత్తరాది గాలులు దిగిన రోజుల్లో 10కి చేరుతుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు అంతకన్నా కిందికే పోతుంది. 1946 జనవరి 8న నగరంలో 6.1 డిగ్రీలు నమోదైంది. అయితే థర్మామీటరు ఒకచోట కదలకుండా ఉండి చూపించే లెక్క ఇది. బైకు కదలకుండా ఉండదు కదా. గాలి పెంచే చలిని లెక్కగట్టడానికి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001లో సవరించుకున్న సూత్రం ఒకటి ఉంది. దాని మూలం అంటార్కిటికాలో ఉంది. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అక్కడ ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, గాలికి వేలాడదీసి, ఎంత వేగంగా గడ్డకడుతుందో చూశారు. 2001 సూత్రం కట్టింది ముఖం మీది చర్మాన్ని దృష్టిలో పెట్టుకునే అయినా, ఆ లెక్కన 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలి. మెట్టుగూడ, తార్నాక దాటి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డెక్కినవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు చేతులకే ఎందుకు ఇంత కష్టం? వేళ్లను ఆడించే బలమైన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి నరాల్లాంటి తీగలు లాగితే వేళ్లు ముడుచుకుంటాయి. అంటే వేళ్లు తమ వేడిని తాము పుట్టించుకోలేవు, రక్తం తెచ్చిస్తేనే వాటికి వేడి. ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండెను కాపాడుకునే పనిలో పడి వేళ్లకు వెళ్లే నాళాలను బిగించేస్తుంది. మధ్యమధ్యలో జాలిపడి కాసేపు తెరుస్తుంది కూడా. ఐసు నీళ్లలో ముంచిన వేలు ఇలా చల్లబడుతూ, వేడెక్కుతూ ఊగిసలాడటాన్ని 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు కొలిచి చూపించాడు. కాబట్టి గ్లౌజు కన్నా ముందు కావాల్సింది మెడకు మఫ్లరు, ఛాతీకి గాలి దూరని జాకెట్టు. ఛాతీ వెచ్చగా ఉంటే వేళ్లకు రక్తం పంపడానికి శరీరం పిసినారితనం చూపించదు.

వేలి చర్మం 15 డిగ్రీల కిందికి దిగితే పని మొరటుబారడం మొదలవుతుంది. ఇంకా దిగి 8 దగ్గరకు వస్తే స్పర్శే పోతుంది. ఇంట్లో ఉంటే పొయ్యి దగ్గర కాచుకోవచ్చు. బండి మీద ముందు బ్రేకూ, క్లచ్చూ రెండూ వేళ్ల మీదే ఆధారపడ్డాయి. ట్రాఫిక్‌లో చూపుడువేలు, మధ్యవేలు ఎప్పుడూ లీవరు మీదే ఉంటాయి. ఆ లీవరు అల్యూమినియం, వేలి వేడిని ఇట్టే పీల్చేస్తుంది. వెనక నుంచి గాలి కొట్టదు, ముందు నుంచి సూటిగా వేళ్ల కణుపుల మీదికే కొడుతుంది. కుట్టేవాడి ముందున్న చిక్కు ఇదీ: గాలిని ఆపాలంటే మందంగా ఉండాలి, లీవరు తెలియాలంటే పలచగా ఉండాలి.

నా బల్ల మీద ఇప్పుడు ఒక జత మేకతోలు గ్లౌజులున్నాయి. పెద్ద ఖరీదైనవేం కావు. బల్ల మీద వెల్లకిలా పడేస్తే వేళ్లు చాపుకుని పడుకోవు, సగం ముడుచుకునే ఉంటాయి. మొదట చూడాల్సిన పనితనం ఇదే. చేతి వెనకవైపు ముక్కను పొడవుగా, అరచేతి వైపు ముక్కను పొట్టిగా కత్తిరించి, ఆ రెంటినీ సమానంగా సర్దుతూ కుట్టారు. పొడవు తేడా అంతా వంపుగా మారింది. చదునుగా కత్తిరించిన చవక గ్లౌజు తొడుక్కుని హ్యాండిల్ పట్టుకుంటే, తోలు తిరిగి చదునుగా అవుదామని వేళ్లతో పెనుగులాడుతూ ఉంటుంది. అరగంటకే ముంజెయ్యి లాగుతుంది. బిగించి పట్టుకునే కొద్దీ రక్తం తగ్గుతుంది, చలి ఎక్కువవుతుంది.

ఇప్పుడు నా బల్ల మీది గ్లౌజును లోపలి వైపుకు తిప్పుదాం. ఒక్కో చేతికి ఇరవైకి పైగా ముక్కలు. అన్నింటికన్నా నన్ను ఆకట్టుకునేవి వేళ్ల మధ్యన దాగిన సన్నని పట్టీలు. వేలు గుండ్రటిది. రెండు చదును ముక్కలు కలిపి కుడితే వచ్చేది సంచీ, వేలు కాదు. వేలికి మందం ఇవ్వాలంటే పక్కన మూడో ముక్క పడాలి. చూపుడువేలి పక్కన ఎక్కి, వేలి మొదట్లో దిగి, మధ్యవేలి పక్కన మళ్లీ పైకెక్కే పంగలకర్ర ఆకారపు పట్టీ అది. వేళ్లు విడివడే ఆ మూలలోనే గ్లౌజులు ముందు చిరుగుతాయి, ఎందుకంటే పిడికిలి తెరిచిన ప్రతిసారీ లాగుడంతా అక్కడే పడుతుంది. ఓపికున్నవాళ్లు అక్కడ గోరంత చౌకం ముక్క ఒకటి అదనంగా వేస్తారు, రవికె చంకలో టైలరు వేసే ముక్కలాగా. బయటికి కనిపించదు. కనిపించని దానికి డబ్బులెవరిస్తారని మానేసే కంపెనీలే ఎక్కువ.

బొటనవేలి పని ఇంకా గట్టిది. మిగతా నాలుగు వేళ్లూ ఒకే దిక్కు ముడుచుకుంటాయి. బొటనవేలు అన్ని దిక్కులా తిరుగుతుంది, పైగా బండి మీద హారన్, ఇండికేటర్, డిప్పర్ అన్నీ దాని పనే. అందుకే దాన్ని విడిగా గొట్టంలా కుట్టి, అరచేతిలో కోసిన గుంటలో కూర్చోబెట్టి, చుట్టూరా ఒకే వరస కుట్టు వేస్తారు. ఆ గుంట వంపు పిసరంత తప్పినా బొటనవేలు అందుకోవాల్సిన బటన్ అందదు. మంచి గ్లౌజును గుర్తుపట్టాలంటే నేను బొటనవేలి మొదలే చూస్తాను.

కత్తిరింపులో ఇంకో రహస్యముంది. తోలు అన్ని వైపులా ఒకేలా సాగదు. వెన్నెముక వెంబడి తక్కువ, పక్క నుంచి పక్కకు ఎక్కువ సాగుతుంది. గ్లౌజు అడ్డంగా సాగాలి, నిలువుగా సాగకూడదు. పిడికిలి బిగిస్తే అరచెయ్యి వెడల్పవుతుంది, దానికి తోలు చోటివ్వాలి. వేళ్ల పొడవు మాత్రం సాగితే కొనల దగ్గర ఖాళీ మిగిలి, లీవరుకూ వేలికీ మధ్య ముడత పడుతుంది. పాతకాలపు కత్తిరింపుగాళ్లు తోలును కొద్దిగా తడిపి, బల్ల అంచు మీద లాగి లాగి, నిలువు సాగుడంతా ముందే తీసేసి, అప్పుడు కత్తెర పట్టేవాళ్లు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గ్జావియె జువాఁ అనే ఆయన 1834లో చేతుల కొలతలు సేకరించి, సైజుల పట్టిక కట్టి, గ్లౌజుల కత్తిరింపుకు అచ్చులు తయారు చేశాడు. ఇవాళ గ్లౌజు మీద కనిపించే 8, 9 నంబర్లు ఆ పాత ఫ్రెంచి అంగుళాలే. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు తిప్పితే దాదాపు 21.6 సెంటీమీటర్లు వచ్చినవాళ్లది 8 నంబరు.

ఇక కుట్టు. మడత లోపలికి వస్తే కుట్టు భద్రం, కానీ ఆ గట్టు వేలికి ఒత్తుకుంటుంది. ఒత్తుకున్నచోట రక్తం ఆగుతుంది, రక్తం ఆగినచోట చలి కూర్చుంటుంది. మడత బయటికి వస్తే వేలికి హాయి, కానీ కింద పడినప్పుడు ముందు దారమే రోడ్డుకు రాసుకుని తెగుతుంది. నా ముందున్న జతలో వేలి కొనల దగ్గర మడత బయటికి ఉంది, అరచేతిలో లోపలికి ఉంది, అక్కడ కుట్టు రెండు వరసలు. ఒకే గ్లౌజులో ఈ రెండు పద్ధతులూ కలపాలంటే ముక్కల్ని ఏ వరసలో కుట్టాలన్నది ముందే మనసులో ఉండాలి, తర్వాత తిప్పుకుందామంటే కుదరదు. కుట్టు నిడివి దాదాపు మూడు మిల్లీమీటర్లు. ఇంతకన్నా దగ్గర దగ్గరగా వేస్తే గట్టిదనం పెరగదు సరికదా, సూది రంధ్రాలే తోలును చింపేస్తాయి. కుట్టు పడే అంచులను ముందుగా చెక్కి పలచబరిచారు. లేకపోతే రెండు మందాలు కలిసి గట్టు లావవుతుంది.

రంపెతో అంచు చెక్కి, ఆరెతో పొడిచి, వారుతో బిగించే ఈ పని మన నేలకు కొత్త కాదు. మోటబావుల కాలంలో తెలంగాణ పల్లెల్లో మాదిగ కులస్తులు కుట్టిన తోలు బొక్కెన, దాని తొండం ఎంత బరువు నీళ్లు మోసేవో, కుట్లలోంచి ఎంత తక్కువ కారేవో తలచుకుంటే, ఇవాళ్టి వాటర్‌ప్రూఫ్ గ్లౌజు ముందు అది ఏమాత్రం చిన్నది కాదు. ఆ పని గురించి రాసినవాళ్లు తక్కువ, అంతే. చర్మశుద్ధి కూడా మన చెట్ల మీదే నడిచింది. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు బతుకమ్మలో పేర్చుకునే పువ్వుగానే మనకు గుర్తు. దాని బెరడు, కరక్కాయలు కలిపి మేక, ఆవు తోళ్లను శుద్ధి చేసి మద్రాసు రేవు నుంచి లండన్ దాకా పంపిన చరిత్ర ఉంది. ఆ తోలు బాగానే ఉండేది, అయితే తడికి, వేడికి ఓర్పు తక్కువ. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తన, తడిసి ఆరినా అంతగా బిగుసుకుపోదు, దాదాపు మరిగే నీళ్ల వేడికీ తట్టుకుంటుంది. బైకు గ్లౌజులో ఎక్కువగా ఉండేది ఇదే.

ఈ దేశపు తోలుకు చదువు చెప్పినవాళ్లలో తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ పేరు ముందు వరసలో ఉంటుంది. మద్రాసు అడయార్‌లోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు ఆయన 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. ఒక రైతు కుటుంబం నుంచి వచ్చి, సమాజం అంటరానిదని దూరం పెట్టిన పనిని ప్రయోగశాలకు తెచ్చి గౌరవంగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చేసిన ఘటనలో ఆయన పోయారు.

తోలు గాలిని ఆపుతుంది, వెచ్చదనం మాత్రం అస్తరు పని. అసలు వెచ్చదనమంటే కదలకుండా నిలిచిన గాలే, ఉన్నయినా పీచయినా ఆ గాలిని పట్టి ఉంచడానికే. ఇక్కడికొచ్చాకే పాలాయన పాలిథిన్ కవరు విలువ తెలుస్తుంది. ఉన్ని గ్లౌజు గాలిని పట్టి ఉంచుతుంది కానీ అల్లిక సందుల్లోంచి బయటి గాలి దూరి దాన్ని తరిమేస్తుంది. పైన పాలిథిన్ కవరు పడగానే ఆ దూరడం ఆగిపోతుంది. పది వేల రూపాయల గ్లౌజులోనూ పని పంచుకోవడం ఇలాగే. పాలిథిన్‌తో ఒక్కటే ఇబ్బంది, చెమట లోపలే నిలిచి, కాసేపటికి అదే చల్లబడుతుంది. దీనికి మందుగా వచ్చిందే పొర. అమెరికాలో బాబ్ గోర్ 1969లో టెఫ్లాన్‌ను ఒక్క గుంజు గుంజి, కంటికి కనపడని రంధ్రాలున్న పలచటి పొరగా సాగదీశాడు. నీటి చుక్క పట్టనంత చిన్న రంధ్రాలవి, చెమట ఆవిరి మాత్రం తప్పించుకుపోతుంది. గోర్‌టెక్స్ అని మనం చూసే ముద్ర దానిదే.

అస్తరు ఎక్కడెంత వేయాలన్నది కూడా చేతి నేర్పే. అరచేతి వైపు ఎంత దూది కూరినా హ్యాండిల్ పట్టుకోగానే నలిగిపోతుంది, నలిగితే గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఉండదు. పైగా లీవరు తెలియదు. కాబట్టి తెలిసినవాళ్లు మందమంతా చేతి వెనకవైపు, గాలి కొట్టే దిక్కున పెట్టి, అరచేతిని పలచగా వదిలేస్తారు. ఇంకో చిన్న పని ఉంది. అస్తరు వేళ్లను తోలు వేళ్ల కొనలకు లోపల టాకా వేసి పట్టి ఉంచాలి. ఈ టాకా లేని గ్లౌజును చెమట చేత్తో ఒక్కసారి విప్పి చూడండి, అస్తరు వేళ్లన్నీ చేతితోపాటే బయటికొస్తాయి. మళ్లీ లోపలికి తోయడానికి పెన్నులు, పుల్లలు వెతుక్కోవాలి. ఈలోగా సిగ్నల్ పచ్చబడుతుంది, వెనక ఆటో హారన్ మొదలవుతుంది.

మణికట్టు గురించి ఎక్కువ చెప్పేది లేదు. గ్లౌజు అంచు జాకెట్టు చేతి మీదికి రావాలి, లేదా జాకెట్టు చెయ్యి గ్లౌజు మీదికి రావాలి. రెండూ కానప్పుడు మధ్యలో మిగిలిన ఆ రెండు వేళ్ల చోటు గుండా గాలి చంక దాకా పోతుంది. రక్షణ సంగతికొస్తే యూరప్ వాళ్లకు బైకు గ్లౌజుల ప్రమాణం ఒకటుంది. మొదటి తరగతి గ్లౌజు అరచెయ్యి రాపిడి యంత్రం మీద చిల్లు పడకుండా కనీసం 4 సెకన్లు నిలవాలి, రెండో తరగతిది 8 సెకన్లు. నాలుగు సెకన్లే కదా అనిపిస్తుంది. కింద పడ్డప్పుడు ముందు ఆనేది అరచెయ్యే.

తోలు గ్లౌజు అందరికీ అందేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అందుకే దాని పేద చుట్టం గురించి కూడా చెప్పాలి. బాగా చలి పడే ఊళ్లలో హ్యాండిల్‌కే తొడుగు కడతారు. బయట రెగ్జిన్, లోపల కంబళి లాంటి గుడ్డ. బండికి అలాగే ఉండిపోతుంది, చెయ్యి లోపల పెట్టడం, తియ్యడం అంతే. మన దగ్గర ఇది అరుదు. సీటు కవర్లు కుట్టే ఏ దుకాణంలోనైనా దీనికి కావాల్సిన రెగ్జిన్, మెషీను, చెయ్యి మూడూ ఉన్నాయి. ఒక పాత తొడుగు పట్టుకెళ్లి మా వైపు సీటు కవర్లు కుట్టే ఒకాయనకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ముందు ధర చెప్పలేదు.

“దీన్ల మూతి దగ్గర వైరు పెట్టాలన్నా. లేకుంటే గాలికి మూసుకపోతది, చెయ్యి దూరది.”

“బ్రేకు దగ్గర?”

“ఆడ లూజు ఉంచుత. టైటుగ కుడితే గాలికి రెగ్జిన్ పోయి లీవర్ మీద వడ్తది. నువ్వు బ్రేక్ వట్టకున్నా వట్టినట్టే.”

చలిదేశాల కంపెనీలు కూడా ఈ రెండు సంగతులనే జాగ్రత్తగా చూసుకుంటాయి. మూతి తెరుచుకుని ఉండాలి, లీవరుకు తొడుగు ఆనకూడదు. ఇంకా క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం, అద్దం కాడ దూరడానికి మూడు చోట్ల సందులు వదిలి, ఆ సందుల అంచులను గట్టిగా పైపింగ్ చేయాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసినప్పుడు తొడుగు ట్యాంకుకు తట్టుకోకూడదు. ఇదంతా టేపు పెట్టకుండా, బండి పక్కన నిలబడి కంటితో చూసి సుద్దముక్కతో గీసుకోగల మనిషిని పనివాడు అనకుండా ఉండలేం.

వేడెక్కే గ్రిప్పుల గురించి ఒక్క మాట. పెద్ద బండ్లకు బాగుంటాయి. అయితే వేడి అరచేతి వైపు వస్తుంది, చలి చేతి వెనకవైపు కొడుతుంది. వెనక గాలిని ఆపకుండా ముందు వేడి పెట్టడం బ్యాటరీకి దండగ. అదే గ్రిప్పు మీద ఒక తొడుగు కూడా ఉంటే సంగతి వేరు.

చిలకలగూడ చలికి ఇంత హంగామా అవసరమా అంటే, ఇక్కడి నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరే కుర్రాళ్లను చూడండి. కొందరు ఆదిలాబాద్ వైపు పోతారు, అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరకు రావడం కొత్త కాదు. కొందరు విశాఖ మన్యంలో చింతపల్లి దగ్గరి లంబసింగికి పోతారు, అక్కడ ఇంకా కిందికి దిగి గడ్డి మీద మంచు పేరుకున్న రోజులున్నాయి. ఘాట్ రోడ్డు మీద, మలుపు మలుపుకీ బ్రేకు పట్టాల్సిన చోట, వేళ్లు కొంకర్లు పోతే సెల్ఫీ సంగతి దేవుడెరుగు, బండి ఆగదు.

కొనేటప్పుడు రంగు, కణుపుల మీది ప్లాస్టిక్ గట్లు చూసి మోసపోకండి. దుకాణంలోనే గ్లౌజు తొడుక్కుని పిడికిలి బిగించండి, వేలి కొన దగ్గర ఖాళీ ఉండకూడదు, కణుపుల మీద పట్టుకోకూడదు. బొటనవేలును చుట్టూ తిప్పండి. విప్పేటప్పుడు అస్తరు వెంట వస్తోందేమో చూడండి. వేళ్ల సందుల్లో లోపలికి చూసి అక్కడ పట్టీ ఉందో లేదో తడమండి. అంత డబ్బు పెట్టలేకపోతే ఉన్ని గ్లౌజు వేసుకుని పైన పాలిథిన్ కవరు తొడుక్కోండి, లీవరు మీద రబ్బరు తొడుగొకటి ఎక్కించండి. లేదా వీధిలో సీటు కవర్లు కుట్టే అన్నకు నాలుగు రోజులు ముందే చెప్పి హ్యాండిల్ తొడుగు కుట్టించుకోండి, బేరం మాత్రం మరీ గీచి ఆడకండి.